వాళ్ళు విడిపోయినప్పుడూ మనల్ని అడగలేదు, కలిసినప్పుడూ అడగలేదు

దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో సిరిమాను కదులుతుంది. పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలనంత జనం. కోట బురుజు మీద పూసపాటివారు కూచుని చూస్తారు. ఆ పండగ వెనక కథ మన ప్రాంతంలో పసిపిల్లలకి కూడా తెలుసు. విజయరామరాజు బొబ్బిలి మీదకి యుద్ధానికి బయల్దేరాడు. వెళ్ళొద్దని చెల్లెలు బతిమాలింది. అన్న చచ్చిపోయాడని తెలిసి పెద్దచెరువులో ప్రాణం విడిచింది. అమ్మవారై వెలిసింది.

అదే బొబ్బిలి వైపు వెళ్తే ఇంకో కథ. అక్కడ తాండ్ర పాపారాయుడు వీరుడు. బుర్రకథల్లో ఆయనే, 1964లో వచ్చిన సినిమాలో ఆయనే, 1986లో ఆయన పేరుతోనే ఇంకో సినిమా. ఇటు వాళ్ళకి చెల్లెలి కన్నీళ్ళు, అటు వాళ్ళకి వీరుడి కత్తి. రెండు ఊళ్ళకి మధ్య దూరం యాభై అరవై కిలోమీటర్లు.

ఒకసారి మా పేటలో బొబ్బిలి కథ చెప్పించాం. తెల్లారగట్ల కథ అయిపోయాక ఒక ముసలమ్మ లేచి అడిగింది: "రాజుల కత బాగున్నాది నాయినా. మరి ఆ కోటలోకి కట్టెలు మోసినోలు, గుర్రాలకి గడ్డి కోసినోలు, సచ్చినోలని ఈడ్చి పారేసినోలు, ఆలంతా ఏటైపోనారు? ఆలకి కత నేదా?"

కథకుడు నవ్వేసి మంగళం ఎత్తుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె అడిగింది మాత్రం ఉంది. ఈ నాలుగు మాటలూ ఆమెకి బాకీపడ్డ జవాబు.

ఎవరు ఎటు చేరారు? ఎందుకు చేరారు?

అన్నల్లారా, అక్కల్లారా, ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. బొబ్బిలివారూ విజయనగరంవారూ పుట్టు శత్రువులు కాదు. వాళ్ళ వంశచరిత్రల ప్రకారమే రెండు కుటుంబాల పూర్వీకులూ 1652లో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఈ గడ్డకి వచ్చినవాళ్ళు. ఒకే దొర కింద కొలువు చేసినవాళ్ళు. ఒకే భాష, ఒకే ఏటి నీళ్ళు. అందుకే 1757 యుద్ధాన్ని నేను అంతర్యుద్ధం అంటాను. ఒక ఇంటివాళ్ళే రెండు పక్షాలై కొట్టుకున్న యుద్ధం.

పక్షాలు ఎలా ఏర్పడ్డాయి? 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గర ఉన్న ఫ్రెంచి సైన్యం ఖర్చు కింద ఉత్తర సర్కారులని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. మన శ్రీకాకుళం సర్కారు అందులో ఒకటి. రాసిచ్చినవాడు హైదరాబాదులో, పుచ్చుకున్నవాడు సముద్రం అవతల. భూమి మాత్రం మనది, దున్నేది మనం. ఇక్కడ ఉన్న ఫౌజుదారు జాఫర్ అలీ ఎదురు తిరిగాడు. నాగపూరు మరాఠాలని పిలిచాడు. వాళ్ళొచ్చి పల్లెలు దోచుకుపోయారు. విజయనగరం పెద విజయరామరాజు కొన్నాళ్ళు జాఫర్ అలీతో ఉండి, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ పక్కకి మారాడు. ఎందుకు మారాడు? శిస్తు వసూలు చేసే గుత్త దొరికింది కాబట్టి. మాటకి మాట చెప్పుకోవాలి, అందులో ధర్మం లేదు, దేశం లేదు. గుత్త ఉంది.

బొబ్బిలి రంగారాయుడు విజయనగరం పెత్తనం ఒప్పుకోలేదు. ఆనాటి యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషాయన ఇంకో కారణం కూడా రాశాడు. బొబ్బిలివాళ్ళు విజయనగరం హద్దులో పారే నీళ్ళని తమ పొలాలకి మళ్ళించుకుంటున్నారని తగువట. చూశారా! పౌరుషం, వంశం, మీసం అని బుర్రకథలో విన్నదాని కింద ఉన్నదేమిటి? నీళ్ళు. ఇవాళ కూడా మన ఊళ్ళల్లో తగువు ఎక్కడ మొదలౌతుంది? మదుం దగ్గర, కాలవ గట్టు దగ్గర.

బుస్సీ రంగారాయుడికి ఒక బేరం పెట్టాడు. బొబ్బిలి వదిలెయ్, వేరే చోట భూములిస్తాను అన్నాడు. రంగారాయుడు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న ఫిరంగులు మట్టి కోట మీదకి వచ్చాయి. తెల్లారింది మొదలు కొట్టారు. ఓడిపోతామని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళని, పిల్లల్ని తామే చంపుకుని ఇళ్ళకి నిప్పు పెట్టుకున్నారు. కోటలోకి వెళ్ళిన ఫ్రెంచివాళ్ళ ఎదటికి ఒక ముసలాయన ఒక చిన్న పిల్లవాడిని పట్టుకొచ్చాడు. ఆ పిల్లవాడే రంగారాయుడి కొడుకు. మూడో రాత్రి పాపారాయుడూ అతని మనుషులూ గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపారు. అక్కడితో బుర్రకథ అయిపోతుంది.

పరువు కోసం ఆడవాళ్ళని చంపుకోవడాన్ని కథకుడు గొంతు పెంచి పాడతాడు. మనం చప్పట్లు కొడతాం. ఆ ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా? పైడితల్లి వద్దంది. ఆమె మాట విన్నారా? రాచ ఇంటి ఆడకూతురి మాటే చెల్లకపోతే, ఆ కోట వాకిలి ఊడ్చిన ఆడదాని మాట ఎవడు వింటాడు?

కథకుడు చెప్పని రెండో సగం

ఇప్పుడు అసలు సంగతి. బుర్రకథ ఆగిపోయిన చోటు నుంచి చూద్దాం.

రాజు చచ్చిపోయాక గద్దె ఎక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. ఆయన ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. బెంగాలు నుంచి క్లైవు కర్నల్ ఫోర్డుని పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. మరుసటేడు ఏప్రిలులో మచిలీపట్నం కోట కూడా పోయింది. అంటే ఫ్రెంచి పక్షాన నిలబడి బొబ్బిలిని బూడిద చేసిన సంస్థానమే, రెండేళ్ళు నిండకుండా ఫ్రెంచివాళ్ళ మీదకి ఇంగ్లీషువాళ్ళని తీసుకొచ్చింది. పక్షం అంటే అంతే. చొక్కా మార్చినట్టు మార్చుకున్నారు. దాని కింద చచ్చినవాళ్ళ ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

1766 కల్లా సర్కారులు కుంఫిణీ చేతికి వచ్చాయి. కొన్నాళ్ళు విజయనగరాన్ని ముందు పెట్టి చుట్టుపక్కల జమీందార్లని అణిచారు. విజయనగరం బలిసిందని తోచాక పేష్కషు పెంచి, బాకీలు చూపించి, 1794 జూలై 10న భీమిలి దగ్గర పద్మనాభంలో చిన విజయరామరాజుని కాల్చి చంపారు. ఆ తర్వాత అదే కుంఫిణీ బొబ్బిలి సంస్థానాన్ని మళ్ళీ నిలబెట్టింది. కోటలో బతికి బయటపడ్డ ఆ పిల్లవాడే పెద్దవాడై బొబ్బిలికి తిరిగొచ్చాడు.

ఇక 1802 వచ్చింది. శాశ్వత శిస్తు పద్ధతి. బొబ్బిలికీ సనదు, విజయనగరానికీ సనదు. విజయనగరం పేష్కషు ఏడాదికి 5 లక్షలు. నలభై అయిదేళ్ళ కిందట కోట తగలబెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకే చిట్టాలో పక్క పక్క పేజీలయ్యారు. కొట్లాడుకున్నవాళ్ళు కలిశారు. ఎవరి కింద కలిశారు? దొర కింద. ఎవరి మీద కలిశారు?

అది నేను చెప్పక్కర్లేదు, మీరే చెప్తారు. దొరకి పేష్కషు కట్టాలి. జమీందారు ఆ డబ్బు పొలం దున్ని సంపాదించలేదు. గుత్తేదారు మీద వేశాడు. గుత్తేదారు రైతు మీద వేశాడు. రైతు తన దగ్గర పనిచేసే కంబారి గింజల్లో కోత పెట్టాడు. కంబారి ఎవడి మీద వెయ్యాలి? వాడి కింద ఎవడూ లేడు. పెళ్ళాం బిడ్డల కడుపు మీద వేశాడు. దివాణంలో పెళ్ళయినా మనమే వెట్టి, చావైనా మనమే వెట్టి. గొడ్డు చస్తే మనమే, దొర వస్తే డేరాలు మొయ్యడానికి మనమే.

ముసలమ్మా, నువ్వు అడిగావు కదా ఆలేటైపోనారని. ఆళ్ళు ఎక్కడికీ పోలేదు. యుద్ధానికి ముందు ఎక్కడున్నారో, యుద్ధం అయ్యాకా అక్కడే ఉన్నారు. రాజీ అయ్యాకా అక్కడే ఉన్నారు. ఊరికి తూర్పునో దక్షిణాన్నో, చెరువు కింద, పేటలో.

పగలు పోయాయి, మంచిదే

1932లో బొబ్బిలి రాజా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యాడు. జస్టిస్ పార్టీ తరఫున. 1937లో వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. సంస్థానాలు పోయాయి. రాజులు పోలేదు. ఎన్నికలు వస్తే దివాణం తలుపులు తెరుచుకున్నాయి, మనకి దణ్ణాలు పెట్టారు. విజయనగరం పి.వి.జి.రాజు సోషలిస్టుగా పనిచేశాడు, 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి చదువులకి ఆస్తి ఇచ్చాడు. మంచి చేసిన చోట మంచి అనే చెప్పాలి.

చాలాకాలం బొబ్బిలి ఒక పార్టీ, విజయనగరం ఒక పార్టీ. 2016లో బొబ్బిలి రాజులు కూడా తెలుగుదేశంలో చేరారు. 1757 నుంచి లెక్కేస్తే 259 ఏళ్ళు. 2024 ఎన్నికల్లో విజయనగరం నుంచి పూసపాటివారి అమ్మాయి, బొబ్బిలి నుంచి రంగారావుగారి వారసుడు, ఇద్దరూ ఒకే గుర్తు మీద గెలిచారు.

ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. పగలు పోవడం మంచిదే. మనం రక్తం కోరేవాళ్ళం కాదు. నేను అడిగేది ఒకటే. ఒక యుద్ధం, ఒక రాజీ, రెండున్నర శతాబ్దాలు. ఈ మొత్తంలో మన పేటల నుంచి "మీరేమంటారు" అని అడిగిన సందర్భం ఏదైనా ఉందా? ఓర్మ్ పుస్తకంలో రాజుల పేర్లున్నాయి, సేనానుల పేర్లున్నాయి. కట్టెలు మోసినవాడి పేరు లేదు. 1802 సనదులో ఊళ్ళ లెక్క ఉంది. పేటల లెక్క లేదు.

సముద్రం అవతల ఇంతకన్నా పెద్ద పాఠం

ఇది బొబ్బిలి రోగం ఒక్కటే కాదు. అమెరికా సంగతి చూడండి. అక్కడ నల్లవాళ్ళ కథ మనకి పరాయిది కాదు. జోతీరావు ఫూలే 1873లో రాసిన 'గులాంగిరి' పుస్తకాన్ని అంకితమిచ్చింది నీగ్రో బానిసల విముక్తికి నిలబడ్డ అమెరికా జనానికే.

అమెరికాలో 1860 నాటికి దాదాపు 40 లక్షలమంది నల్లవాళ్ళు బానిసలు. దక్షిణాది పత్తి తోటల్లో గొడ్లలాగా పనిచేసేవాళ్ళు. గొడ్లలాగే సంతలో అమ్ముడయ్యేవాళ్ళు. ఆ ఏడు లింకన్ ప్రెసిడెంటుగా గెలిచాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకి పాకనివ్వను అన్నాడు. అంతే. డిసెంబరు 20న సౌత్ కరోలినా అనే రాష్ట్రం మేం మీతో ఉండం అని విడిపోయింది. వెనకే మిగతావి. 1861లో యుద్ధం మొదలైంది. మొత్తం 11 రాష్ట్రాలు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. బానిసలున్న రాష్ట్రాలన్నీ విడిపోలేదు. డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరి అనే 4 రాష్ట్రాలు బానిసల్ని ఉంచుకుంటూనే లింకన్ పక్షాన ఉండిపోయాయి. వర్జీనియా అయితే రెండు ముక్కలైంది. బానిసలు తక్కువున్న కొండ ప్రాంతం 1863లో పశ్చిమ వర్జీనియాగా వేరుపడింది. అంటే ఒక్కో రాష్ట్రం తన పక్షాన్ని లాభం చూసుకుని ఎంచుకుంది. లింకన్ కూడా మొదట ఈ యుద్ధం దేశం కలిపి ఉంచడానికే అన్నాడు, బానిసల కోసం అనలేదు. దాన్ని బానిసల యుద్ధంగా మార్చింది బానిసలే. తోటలు వదిలి వేలకి వేలు లింకన్ సైన్యం వైపు నడిచిపోయారు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన వచ్చాక, యుద్ధం ముగిసేలోగా దాదాపు 1,80,000 మంది నల్లవాళ్ళు తుపాకీ పట్టారు. వాళ్ళని ఎవడూ పిలవక ముందే వాళ్ళ పక్షం వాళ్ళు ఎంచుకున్నారు.

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. ఆరు లక్షలమందికి పైగా చచ్చారు. బానిసత్వం చట్టంలో పోయింది. మరి విడిపోయిన రాష్ట్రాలని మళ్ళీ ఎలా కలుపుకోవాలి?

యుద్ధం ముగిసే ముందే ఒక సేనాని, షెర్మన్ అనేవాడు, సముద్రం వారగా యజమానులు వదిలి పారిపోయిన భూముల్లో నల్ల కుటుంబానికి 40 ఎకరాల లోపు పంచమని ఉత్తర్వు ఇచ్చాడు. జనం వెళ్ళి దున్నుకున్నారు, పంటలేసుకున్నారు. ఈలోగా లింకన్ని చంపేశారు. తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకి క్షమాభిక్ష పెట్టి, ఆ భూములు వాళ్ళకి తిరిగి ఇప్పించాడు. దున్నినవాడిని దించేశారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పట్టా కాయితం చేతిలో ఉండీ భూమి మీద కాలు పెట్టలేనివాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా?

దాని మీద పోరాటం నడిచింది. 1868లో పౌరసత్వం, 1870లో ఓటు రాజ్యాంగంలోకి వచ్చాయి. ఒప్పుకున్న రాష్ట్రాలనే లోపలికి రానిచ్చారు. 1870 కల్లా 11 రాష్ట్రాలూ తిరిగి కలిశాయి. అదే ఏడు మిసిసిపి నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లాయన పెద్దల సభలో కూచున్నాడు. అక్కడి దాకా బాగుంది.

తర్వాత 1876 ఎన్నికల్లో ఎవరు గెలిచారో తేలక తగువు వచ్చింది. ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ కూచుని మాట్లాడుకున్నారు. 1877లో రాజీ పడ్డారు. ప్రెసిడెంటు కుర్చీ ఒకరికి. దక్షిణాదిలో నల్లవాళ్ళ ఓటుకి కాపలా కాస్తున్న సైన్యం వెనక్కి. అంతే, ఆ సాయంకాలం నుంచి నల్లవాడి చేతిలో ఉన్నది చట్టం కాయితం, ఎదట ఉన్నది ఉరితాడు. ఓటుకి పన్ను పెట్టారు, చదువు పరీక్ష పెట్టారు. బడి వేరు, బండి వేరు, నీళ్ళ కుళాయి వేరు. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చేదాకా, 88 ఏళ్ళు.

1913లో గెటిస్‌బర్గ్ యుద్ధానికి 50 ఏళ్ళయిందని పండగ చేశారు. రెండు పక్షాల ముసలి సైనికులూ వచ్చి గోడకి అటూ ఇటూ నిలబడి చేతులు కలుపుకున్నారు. దేశమంతా కళ్ళు తుడుచుకుంది. అన్నదమ్ములు కలిశారంది. ఎవరి మెడ మీద నిలబడి కలిశారో ఆ పండగలో ఎవరూ చెప్పుకోలేదు.

మన పాట, మన సినిమా కూడా అదే. ఇద్దరూ వీరులే, ఇద్దరూ గొప్పవాళ్ళే అని కళ్ళు తుడుచుకుంటాం. నీళ్ళ తగువు మర్చిపోతాం, గుత్త మర్చిపోతాం, వెట్టి మర్చిపోతాం.

రాజీ అంటే ఏమిటో బాబాసాహెబు చూపించాడు

బొబ్బిలి రాజా ప్రధానమంత్రి అయిన 1932లోనే, కొద్ది వారాల ముందు, సెప్టెంబరు 24న పూనాలో ఇంకో రాజీ జరిగింది. గాంధీ నిరాహారదీక్షలో ఉన్నాడు. ఆయన ప్రాణం పోతే ఊరూరా మన పేటలు తగలబడతాయి. ఆ కత్తి మెడ మీద పెట్టి అంబేద్కర్ని రాజీకి కూచోబెట్టారు. వేరు నియోజకవర్గాలు వదులుకోవాల్సి వచ్చింది. అది నష్టమే. ఆ నష్టం గురించి ఆయనే తర్వాత గట్టిగా రాశాడు. కానీ ఆయన ఉత్త చేతుల్తో లేవలేదు. 71 సీట్లని 148 చేయించి, అంకె వేయించి, అవతలివాళ్ళ సంతకాలు పెట్టించుకుని లేచాడు.

తేడా అక్కడుంది. "కలిసుందాం" అని నోటితో చెప్పడం వేరు, షరతు రాయించడం వేరు.

మన ఊళ్ళో ఏమి జరుగుతుందో చూడండి. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని పెత్తందారీ కులంవాళ్ళు నరికి, కొట్టి చంపారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సర్కారు తీసుకోగా మునగకుండా మిగిలిన భూమి దగ్గర తగువు. దున్నుకుంటామన్నందుకు చంపారు. నీళ్ళ కోసం 1757, భూమి కోసం 2012. అప్పుడు చంపుకున్నవాళ్ళు రాజులు గనక కథ అయింది. ఇప్పుడు చచ్చినవాళ్ళు మనవాళ్ళు గనక కేసు అయింది.

ఇలాంటి దాడి ఎక్కడ జరిగినా పోలీసుకన్నా ముందు పెద్దమనుషులు వస్తారు. "ఒకే ఊరోళ్ళం, రేపు మొహాలు చూసుకోవాలి, కలిసుండండి" అంటారు. మాట తియ్యగానే ఉంటుంది. అప్పుడు తొందరపడొద్దు. ఆ తియ్యటి మాట చెప్పే పెద్దమనిషిని కూచోబెట్టి మూడు అడగండి. తగువు దేని గురించి వచ్చింది, భూమా, నీళ్ళా, కూలా, ఆడపిల్లా? అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటుంది? కాయితం మీద ఏమి రాస్తారు, ఎవరు సంతకం పెడతారు? మూడింటికీ జవాబు లేకుండా కేసు ఎత్తేసుకోమంటే అది రాజీ కాదు. అది 1877.

మన ఇంట్లో తగువు సంగతి

ఇంతవరకూ వాళ్ళ గురించి చెప్పాను. ఇప్పుడు మన గురించి. ఇది చెప్పకుండా కలం పెడితే నాకు నిద్ర పట్టదు.

మన ఇంట్లో కూడా ముప్ఫై ఏళ్ళు అంతర్యుద్ధం నడిచింది. 1994లో మాదిగ దండోరా మోగింది. ఎస్సీ రిజర్వేషన్లు జనాభానీ వెనకబాటునీ బట్టి పంచమన్నారు. న్యాయమే అని కొందరు, చీలిక అని కొందరు. మాల, మాదిగ అని రెండు శిబిరాలయ్యాం. పార్టీలు కూడా ఎన్నికని బట్టి అటో ఇటో చేరాయి. 2000లో చట్టం వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెయ్యొచ్చని తీర్పిచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడు గ్రూపులు చేసింది. రెల్లి, పైడి, దండాసి లాంటి 12 కులాలకి 1 శాతం. మాదిగ, దాని ఉపకులాలకి 6.5. మాల, దాని ఉపకులాలకి 7.5.

ఇప్పుడు మళ్ళీ కలుద్దాం అంటున్నారు. కలవాలి. నేనూ కలవాలనే అంటాను. కానీ మన రెండు జిల్లాలు ఒకసారి చూడండి. ఇక్కడ తెల్లారి లేస్తే ఊరు ఊడ్చేది ఎవరు? రెల్లి వీధి. కాలవలో దిగేది ఎవరు? రెల్లి వీధి. పళ్ళ బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడిచేది రెల్లి ఆడది. ఈ ముప్ఫై ఏళ్ళ తగువులో సభల మీద మైకు పట్టుకున్నవాళ్ళు పెద్ద కులాలు రెండే. రెల్లివాడి పేరు రెండు పక్షాలూ వాడుకున్నాయి. మాదిగన్న "చూడండి, వాళ్ళకేం దక్కింది" అని వాడుకున్నాడు. మాలన్న "వాళ్ళని కూడా కలిపి లెక్కేద్దాం" అని వాడుకున్నాడు. ఇద్దరం రాజీ పడిన నాడు ఆ వీధిలోకి వెళ్ళి "మీరేమంటారు" అని అడుగుతామా?

అడగకపోతే మనకీ బొబ్బిలి రాజుకీ తేడా ఏమిటి? ఉత్తరాది తెల్లవాడికీ మనకీ తేడా ఏమిటి? పైవాడు మనకి చేసింది మనం కింద ఉన్నవాడికి చేస్తే, అప్పుడు మనకి బాబాసాహెబు ఫోటో పెట్టుకునే హక్కు ఉండదు.

నేను చెప్పేది పెద్ద పని కాదు. వచ్చే ఏప్రిల్ 14కి మీ మండలంలో సభ పెడతారు కదా. ఆ సభ మాలపేటలోనో మాదిగపేటలోనో కాకుండా రెల్లి వీధిలో పెట్టండి. అధ్యక్షుడి కుర్చీలో ఆ వీధి మనిషిని, వీలైతే ఆడమనిషిని కూచోబెట్టండి. ఆ 1 శాతంలో ఎన్ని ఉద్యోగాలు నోటిఫికేషన్లో పడ్డాయి, ఎన్ని నిండాయి, ఆ వీధిలో పదో తరగతి దాటిన పిల్లలెంతమంది, ఇది అందరం కలిసి లెక్క తీద్దాం. లెక్క తీసి కాయితం మీద పెట్టాక చేతులు కలుపుదాం. ఫోటో తీయించుకోవడానికి తర్వాత చాలా టైముంది.

ఇంకొక్క మాట. బుర్రకథ దళం ఉన్న ఊళ్ళో బొబ్బిలి కథ మానెయ్యమని నేను చెప్పను. చెప్పండి. కానీ పాపారాయుడు గుడారంలో దూరిన చోట ఆపకండి. 1758 చెప్పండి, 1794 చెప్పండి, 1802 చెప్పండి. ఒకే చిట్టాలో రెండు సంస్థానాలూ కలిసిన సంగతి చెప్పండి. ఆ చిట్టా కింద మోసినవాళ్ళ కథ చెప్పండి. అప్పుడు సభలో మళ్ళీ ఏ ముసలమ్మో లేచి "ఆలకి కత నేదా" అని అడగక్కర్లేదు.

జై భీమ్!